పోను గంటన్నర, రాను ఆరు గంటలు

మా వైపు దూరాన్ని ఎవరూ కిలోమీటర్లలో అడగరు. పుంగనూరు నుంచి మదనపల్లె ఎంత దూరమంటే గంట అంటారు. కుప్పం ఎంత దూరమంటే మూడు గంటలంటారు, పలమనేరులో వెంటనే బస్సు దొరికితే అని దానికో తోక తగిలిస్తారు. చౌడేపల్లె నుంచి సంతకు నడిచివచ్చే ముసలాయన కూడా "పొద్దు బారెడెక్కేలోపల వస్తి" అంటాడే గాని ఎన్ని మైళ్ళో చెప్పడు. నేను పుంగనూరులో బడిపంతులుగా సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి. తరగతిలో కిలోమీటర్లు, ఇంట్లో గంటలు. రెండింటికీ మధ్య ఏదో తిరకాసు ఉందని ముప్పై ఏళ్ళు వచ్చేదాకా నాకు తట్టలేదు. తట్టిన రోజున కూడా నోరు విప్పలేదు. ఇక్కడ రాయాలనుకున్నది ఆ సంగతే.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఆమెను కుప్పంలో ఇచ్చాం. బావ లారీ డ్రైవరు. ఎనభైల మొదట్లో అక్క తొలి కాన్పుకు పుట్టింటికి, అంటే పుంగనూరులో అమ్మా నేనూ ఉంటున్న ఇంటికి వచ్చింది. నొప్పులు చెప్పిన గడువుకు ముందే వచ్చాయి. ఆ సమయానికి బావ చింతపండు లోడుతో నాగపూరు దారిలో ఉన్నాడు. మగబిడ్డ. మూడు దినాలు బతికాడు. నాలుగో దినం మధ్యాహ్నం బావ లారీ వీధి మలుపులో ఆగింది. లోపలికి వచ్చి అక్క పక్కన కూర్చుని ఆయన అడిగింది ఒకటే మాట.

"ఎట్లుండె?"

అక్క చెప్పలేకపోయింది. చెప్పాలని నోరు తెరిచి, చేత్తో గాలిలో ఇంత ముఖం అని చూపించి ఆపేసింది. నేను గడప దగ్గర నిలబడి చూశాను. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఆ బిడ్డ గురించి మాట్లాడుకోగా నేనెప్పుడూ వినలేదు.

రెండేళ్ళ తర్వాత అక్కకు మళ్ళీ నెల తప్పింది. సరిగ్గా అప్పుడే బావకు కువైట్‌లో డ్రైవరు పని కుదిరింది. మదనపల్లె బస్టాండు దగ్గర సైకిలు షాపు మీద మేడలో ఒకాయన వీసాలూ టికెట్లూ చూసేవాడు, ఆయన ద్వారా. బావకు పోవాలని ఉంది. ఆ మాట తేల్చుకోవడానికి ఇద్దరూ పుంగనూరు వచ్చారు. అక్క వద్దని అనలేదు. ఒక షరతు పెట్టింది.

"మూడు దినాల్లో రాగలిగేంత దూరమైతే పో. నాలుగో దినమైతే మాత్రం వద్దు."

ఆ లెక్క ఎక్కణ్ణించి వచ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు. అక్క నా వైపు తిరిగి, "నువ్వు లెక్క కట్టి చెప్పరా, నువ్వు చెప్తే సరే" అంది.

లెక్క కట్టడానికి నేనూ బావా కలిసి మదనపల్లె వెళ్ళాం. మేడ మీది ఆయన టికెట్టు చేతికిచ్చాడు. ఎర్ర కార్బన్ అక్షరాలు వేలికి అంటుకునే పల్చటి పుస్తకం. అంతకు ముందు నేను విమానం టికెట్టు చూడలేదు. చూడలేదని తెలియకుండా ఉండాలని పేజీలు నెమ్మదిగా తిప్పాను. బొంబాయిలో పొద్దున తొమ్మిదీ నలభైకి లేస్తుంది. కువైట్‌లో పదకొండూ పదికి దిగుతుంది.

"గంటన్నర," అన్నాను.

"గంటన్నరనా?" అన్నాడు బావ. "అంటే మా ఊరి కంటే దగ్గర గదప్పా అయ్యోరా. మీ ఇంటికి రావాలంటే నాకు మూడు గంటలు."

పంతుళ్ళను మా వైపు అయ్యోరు అంటారు. బావ ఎగతాళి చేయాలన్నప్పుడల్లా నన్నలా పిలిచేవాడు. మేడ మీది ఆయన మా మాట విన్నాడు, ఏదో అనబోయి ఊరుకున్నాడు. తిరుగు ప్రయాణం సంగతి అడిగితే గోడకు అంటించిన కాగితం చూసి చెప్పాడు. అక్కడ రాత్రి పదికి లేస్తే బొంబాయిలో తెల్లవారి నాలుగుకు.

బావ టీ చెప్పి వస్తానని మెట్లు దిగాడు. అప్పుడు ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"సార్, మీరు సదువుకున్నోళ్ళు గాబట్టి చెప్తాండాను. ఆడికి పోయినంక పాస్‌పోర్టు పనిచ్చే సేటు తీసి పెట్టుకుంటాడు. రెండేండ్లు కదిలేదానికి ఉండదు. ఇంట్లో ఆడోళ్ళకు ముందే చెప్పి పంపించండి. మళ్ళా నా మీదికి రావొద్దు."

సరే అన్నాను. టీ వచ్చింది. తాగాం. బస్సెక్కాం.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. దారిలో బావ, "నీకేం తేవాలప్పా?" అని అడిగాడు. నేను ముందు ఏమీ వద్దన్నాను. పుంగనూరు ఊరి మొదట్లో దిగే ముందు, ఒక టేప్ రికార్డర్ అయితే బాగుంటుందన్నాను. రెండు స్పీకర్లు ఉన్నది. అప్పటికి మా వీధిలో ఒకే ఇంట్లో ఉండేది, ఆ ఇంటివాళ్ళు సాయంత్రాలు దాన్ని కిటికీలో పెట్టేవాళ్ళు. నేను వాళ్ళ కిటికీ కింద నుంచి నడిచేటప్పుడు మెల్లగా నడిచేవాణ్ణి.

ఇంటికి వచ్చేసరికి అక్క వసారాలో కూర్చుని కనకాంబరాలు కడుతోంది. అమ్మ చెనక్కాయలు ఒలుస్తోంది. నేను టికెట్టు విప్పి అక్క ముందు కూర్చున్నాను.

"కుప్పం నుంచి బొంబాయికి రైలు. బెంగళూరులో మారాల. రెండు దినాలనుకో. బొంబాయి నుంచి కువైట్‌కు గంటన్నర."

"గంటన్నరలో వేరే దేశమా?" అంది అమ్మ. "మదనపల్లెకు పొయ్యొచ్చినట్టేనే."

అక్క తలెత్తి, "మ్యాపు ఉండాదా?" అంది.

బడి నుంచి తెచ్చిన అట్లాసు తీశాను. అక్క ఐదో తరగతితో ఆపేసింది. ఆమెకు బొంబాయి చూపించాను, కువైట్ చూపించాను. ఆమె చేతిలోని పూలదారం తీసుకుని ఒక కొస బొంబాయి మీద, ఇంకో కొస కువైట్ మీద పెట్టింది. అంత దారాన్నీ పట్టుకుని, "మన దేశంలో ఇంత దూరం యాడ ఉండాది?" అంది. దారాన్ని కాశ్మీరు మీద పెట్టి కిందికి లాగింది. రెండో కొస ఇంచుమించు కన్యాకుమారి దాకా వచ్చింది.

"కాశ్మీరు నుంచి కన్యాకుమారికి గంటన్నరలో పోతాదా?"

"విమానం గదక్కా."

"మళ్ళా వచ్చేదానికి?"

"ఆరు గంటలు."

అక్క దారం చేతిలోనే పెట్టుకుని నన్ను చూసింది. "పోయేదానికి గంటన్నర, వచ్చేదానికి ఆరు గంటలా? అదే దారి గదరా?"

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు అంతా గందరగోళంగా ఉంది. కానీ బావ ఉన్నాడు. ఆయనకు తెలియని దారి లేదు.

"ఏముండాది అందులో," అన్నాడు. "మొగిలి ఘాటు దిగేదానికి ఎంతసేపు? ఎక్కేదానికి ఎంతసేపు? లోడుంటే ఇంకా రెండింతలు. పోయేది పల్లం, వచ్చేది మిట్ట. ఏమప్పా అయ్యోరా?"

అమ్మ తల ఊపింది. పలమనేరు నుంచి చిత్తూరు వైపు ఆ ఘాటు దిగని వాళ్ళు మా ఇంట్లో లేరు. అందరూ నన్నే చూశారు. ఆకాశంలో పల్లం, మిట్ట ఉండవని నాకు తెలుసు. కానీ ఆరు గంటలు ఎందుకో తెలియదు. తెలియదని అనడం కంటే ఔననడం సులువు.

"గాలి కూడా ఎదురుగా ఉంటాది," అన్నాను. "ఎట్ల సూసినా మూడు దినాల్లోపలే, అక్కా."

"నువ్వు చెప్తే సరే," అంది అక్క. మళ్ళీ పూలు కట్టడం మొదలుపెట్టింది. దారం అదే.

పాస్‌పోర్టు సంగతి చెప్పలేదు. మరచిపోలేదు. బావ చెప్తాడులే అనుకున్నాను. ఆయనకూ చెప్పే ఉంటారు గదా అనుకున్నాను. ఆయన టీ చెప్పడానికి దిగినప్పుడు ఆ మాట వచ్చిందని నాకు బాగా తెలుసు, అయినా అలాగే అనుకున్నాను.

తర్వాతి వారం ఎనిమిదో తరగతికి రేఖాంశాలు చెబుతున్నాను. ఏటా చెప్పేదే. డిగ్రీకి నాలుగు నిమిషాలు, తూర్పున పొద్దు ముందు, పడమట వెనుక. పిల్లలు పాటలాగా అంటున్నారు, నేను బోర్డు మీద రాస్తున్నాను. నాలుగు అనే అంకె రాస్తుండగా చెయ్యి ఆగిపోయింది. బొంబాయిలో తొమ్మిదీ నలభై బొంబాయి గడియారం. కువైట్‌లో పదకొండూ పది కువైట్ గడియారం. నేను ఒక గడియారంలోంచి ఇంకో గడియారాన్ని తీసేశాను. ఎనిమిదేళ్ళుగా పిల్లలకు చెబుతున్న పాఠం నాకే ఎక్కలేదు. పిల్లలకు లెక్కలిచ్చి బల్ల మీద అట్లాసు తెరిచాను. దాదాపు రెండున్నర గంటల తేడా వచ్చింది. పోయేది నాలుగు గంటలు. వచ్చేది మూడున్నర. పల్లం లేదు, మిట్ట లేదు.

వసారాలో గాలి ఎదురుగా ఉంటుందని నేనన్న మాట చెవిలో తిరిగింది. ప్రయాణానికి ఇంకా పన్నెండు రోజులుంది. ఆదివారం కుప్పం వెళ్ళి చెప్పి రావాలనుకున్నాను. బస్సులో మూడు గంటలూ మాటలు పేర్చుకున్నాను. పలమనేరులో గంట నిలబడ్డాను, అక్కడా పేర్చుకున్నాను.

కుప్పంలో అక్క ఇంట్లో పెట్టె తెరిచి ఉంది. అక్క చింతకాయ తొక్కు సీసాకు గుడ్డ చుడుతోంది. బావ కొత్త చొక్కా వేసుకుని అద్దంలో చూసుకుంటున్నాడు.

"ఏం అయ్యోరా, టేప్ రికార్డర్ రంగు చెప్పేదానికి వచ్చినావా?" అన్నాడు.

"రంగు ఏదైనా సరే," అన్నాను.

అంతే. పన్నెండు రోజుల్లో నేను చేయగలిగిన ప్రయాణం అది, అందులో నేనన్న మాట అది. అక్క అన్నం పెట్టింది. తిన్నాను. బావను కుప్పం స్టేషనులో రైలెక్కించిన రోజు కూడా వెళ్ళాను. రైలు కదిలేటప్పుడు ఆయన అక్కతో, "కబురు పెడితే మూడో దినం ఉంటా" అన్నాడు. నేను చెయ్యి ఊపాను.

ఏడో నెలలో అక్కను పుంగనూరు తీసుకొచ్చాం. ఆమె తన సామానులో ఒక అలారం గడియారం తెచ్చుకుని మంచం పక్కన గూట్లో పెట్టుకుంది. ఒక సాయంత్రం అమ్మ దీపం పెడుతుండగా నేను ఆ గదిలోకి వెళ్ళాను. గడియారం నాలుగు చూపిస్తోంది. బయట ఆరున్నర. ఆగిపోయిందేమోనని తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. నడుస్తోంది.

"అది ఎనకబడతాదిలే," అంది అక్క. "సరిచేయొద్దు."

అది ఎంత వెనకబడిందో నాకు వెంటనే తెలిసింది. బావ జాబులో రాసి ఉంటాడు, అక్కడ పొద్దు ఎప్పుడు గూకుతుందో. అంటే అక్కకు తెలుసు. నా లెక్క తప్పని తెలుసు. తెలిసి ఏమీ అనలేదు. నేనూ అనలేదు. గడియారం గూట్లో పెట్టేశాను. అది నన్ను ఎత్తిపొడవడానికి పెట్టిందా, లేక బావ ఇప్పుడు అన్నం తింటున్నాడో పండుకున్నాడో చూసుకోవడానికి పెట్టుకుందా, నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

తొమ్మిదో నెల పడగానే నేను పోస్టాఫీసుకు వెళ్ళి టెలిగ్రాం ఇచ్చాను, బయలుదేరమని. ఆరో రోజు జవాబు వచ్చింది. ఇంగ్లీషులో నాలుగే మాటలు. సెలవు లేదు, పాస్‌పోర్టు సేటు దగ్గర ఉంది. అక్క గోడకు ఆనుకుని కూర్చుని చెయ్యి చాచింది. ఆమెకు ఇంగ్లీషు రాదని తెలిసీ నేను ఆ కాగితం ఇచ్చాను. ఆమె అటూ ఇటూ తిప్పి నాకే ఇచ్చింది.

"ఏమన్నాడు?"

"వచ్చేదానికి సూస్తాండాడంట."

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. గాలి ఎదురుగా ఉంటుందన్నంత తేలిగ్గానే వచ్చింది.

నొప్పులు ఒక పొద్దున మొదలయ్యాయి. బాడుగ కారులో మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయాం. అమ్మ చీటీ రాయించడానికి లోపలికి పోయింది. అక్కా నేనూ వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. నొప్పి వచ్చినప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకునేది, పోయినప్పుడు వదిలేది. ఒకసారి వదలకుండానే అడిగింది.

"ఇప్పుడు యాడుండాడు?"

నేను అమ్మ పోయిన వైపు చూశాను.

"బొంబాయి దాటినాడా? ఎన్ని గంటల దూరంలో ఉండాడురా? నిన్నే."

ఆమె గొంతులో అలసటే ఉంది, కోపం లేదు. నేను గంటల్లో ఏదో ఒకటి చెప్పి ఉండవచ్చు. చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

"రాడక్కా."

ఆమె నా చేతిని చూసింది.

"బయలుదేరనే లేదు. పాస్‌పోర్టు సేటు దగ్గరుండాది. రెండేండ్లు రానీరు. టికెట్టు తెచ్చిన దినమే మేడ మీదాయన చెప్పె. నీకు చెప్పమనె. నేను చెప్పలా. ఆ గంటన్నర కూడా తప్పే. నాలుగు గంటలు. అది కూడా బావ పోకముందే నాకు తెలిసె."

ఇంకో నొప్పి వచ్చింది. అది పోయేదాకా ఇద్దరం ఆగాం.

"గంటన్నర కాదని నాకు ఆ దినమే తెలుసు," అంది అక్క. "పోను గంటన్నర, రాను ఆరు. రెండూ కలిపి సగం చేస్తే మూడూ ముక్కాలు. అంతే గదా? పూలు కట్టేటప్పుడు లెక్కేసుకుంటి. అయ్యోరు గదా, నలుగురిలో అడిగితే నామోషీ అయితాదని ఊరికుంటి."

నేను తల దించుకున్నాను.

"పాస్‌పోర్టు సంగతి తెలీదురా," అంది. "అది నువ్వు చెప్పాల్సిందే గదా."

ఆయా వచ్చి ఆమెను లోపలికి తీసుకుపోయింది. అక్క వెనక్కి చూడలేదు. నేను బెంచీ మీద ఉండిపోయాను. ఆరు నెలలుగా నేను సిగ్గుపడి దాచిపెట్టింది రెండున్నర గంటల తేడా. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. మూడు దినాల లెక్కలో గంటన్నరైనా ఒకటే, నాలుగైనా ఒకటే. తప్పు అని కూడా అనుకోకుండా దాచిపెట్టిన పాస్‌పోర్టు మాటే అసలు దూరం. ఆ రెండింటినీ నేను ఎలా తారుమారు చేసుకున్నానో నాకు అంతుపట్టలేదు. ప్రసవానికి ముందు ఆ బెంచీ మీద ఆ మాట చెప్పడం మంచిదా చెడ్డదా అన్నది కూడా తేలలేదు. ఆమె అడిగింది కాబట్టి చెప్పానా, ఇక మోయలేక దించేసుకున్నానా?

మధ్యాహ్నం ఆడబిడ్డ పుట్టింది. ఇద్దరూ బాగున్నారని ఆయా చెప్పింది.

మూడు దినాలు అక్క నాతో మాట్లాడలేదు. నేను పుంగనూరు నుంచి పొద్దున బస్సుకు క్యారియరు తెచ్చి, వరండాలో కూర్చుని, సాయంత్రం బస్సుకు పోయేవాణ్ణి. నాలుగో దినం అందరికీ భయమే. అమ్మ తెల్లవారి నుంచి బిడ్డను ఒళ్ళోంచి దించలేదు. మధ్యాహ్నం దాటింది, బిడ్డ పాలు తాగి నిద్రపోయింది. అప్పుడు అక్క నన్ను లోపలికి రమ్మంది. బిడ్డను నా చేతుల్లో పెట్టింది.

"సూడు," అంది. "బాగా సూడు. సూసి ఆయప్పకు ఎట్లుండాదో రాయి. ఉన్నదున్నట్టు రాయి. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు."

కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాను. అంతకు ముందు నేను దేన్నీ అలా చూడలేదు. ఎడమ చెవి పైన కందిగింజంత మచ్చ. కింది పెదవి లోపలికి. ఒక కనుబొమ్మ ఉంది, రెండోది ఇంకా ఉన్నట్టు లేదు. గోళ్ళు కొసన కొంచెం వంపు. రంగు అప్పటికి ఎర్రనే, తర్వాత ఏమవుతుందో తెలియదు. అలాగే రాశాను. తెలియనిచోట తెలియదని రాశాను. అక్క చదివించుకుని విని, "ముక్కు సంగతి రాయలేదు" అంది. ముక్కు కూడా రాశాను.

బావ రెండేళ్ళకు వచ్చాడు. కుప్పం స్టేషనుకు అందరం వెళ్ళాం. ఆయన రైలు దిగి చేతులు చాచితే బిడ్డ నా కాళ్ళ వెనక దాక్కుంది. ఆయన కూర్చుని, దాన్ని ముట్టుకోకుండా, ఎడమ చెవి వైపు వంగి చూశాడు.

"కందిగింజంతే," అన్నాడు.

ఇంటికి పోయే దారిలో నేను ఆయనతో పాస్‌పోర్టు మాట ఎత్తాను. "నాకూ చెప్పినాడప్పా మేడ మీదాయన," అన్నాడు. "మనిద్దరం పోయిన దానికి ముందు దినమే. నువ్వు అక్కకు చెప్తావులే అనుకుంటి. సదువుకున్నోడివి, పద్ధతిగా చెప్తావని."

నేను ఆయన చెబుతాడనుకున్నాను. ఆయన నేను చెబుతాననుకున్నాడు. ఇద్దరం కలిసి ఆమెను మోసం చేశామా, ఎవరి మోసం వాళ్ళం చేశామా? ఆయన తప్పు ఉన్నంత మాత్రాన నాది సగం అయిపోదు. ఇది కలిపి సగం చేసే లెక్క కాదు.

ఇంట్లో పెట్టె విప్పారు. అట్టపెట్టెలోంచి రెండు స్పీకర్ల టేప్ రికార్డర్ తీసి బావ నా ముందు పెట్టాడు. వెండి రంగు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"తీసుకోరా," అంది అక్క. చాప మీద కూర్చుని బిడ్డకు అన్నం కలుపుతోంది. తలెత్తలేదు. "దూరం నుంచి వచ్చినాది. ఇది వచ్చేదానికి ఎంతసేపు పట్టిందిరా, అయ్యోరా?"

ఆ పేరుతో అక్క నన్ను పిలవడం అదే మొదలు.

"రెండేండ్లు," అన్నాను.

అక్క ఒక ముద్ద బిడ్డ నోట్లో పెట్టి, నమలమని దవడ తట్టింది. ఇంకో ముద్ద కలిపింది.

"ఇప్పుడు సరిగ్గా చెప్పినావు," అంది.